రక్తం పట్టే టానిక్, బ్లడ్ క్యాన్సర్ మాత్ర

బ్లడ్ క్యాన్సర్‌కు మెయింటెనెన్స్ మందులు (జబ్బు అణిగాక తిరగబెట్టకుండా చాలాకాలం వాడేవి) వాడుతున్న పిల్లవాడు కాస్త పాలిపోతే చాలు, ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చేది రక్తం పట్టే టానిక్. విజయవాడ సూర్యారావుపేటలో ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది. ఆ సీసాలో ఇనుముతో పాటు చాలాసార్లు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా ఉంటుంది. డాక్టర్లు దాన్ని వద్దనడం వెనక 1940ల నాటి కథ ఒకటి ఉంది.

ఫోలిక్ యాసిడ్ అందకపోతే కణం డీఎన్ఏ కట్టుకోలేదు, రెండుగా చీలలేదు. 1931లో ఇంగ్లండు డాక్టరు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించింది. అందులో పనిచేసింది ఈ విటమినేనని తర్వాత తేలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లే ప్రయోగశాల 1945లో దాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ కోవ మందుల్ని లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఎముక మూలుగలో క్యాన్సర్ కణాలు ఇంకా విజృంభించాయి. మేత వేస్తే బలిసేదానికి మేత ఆపితే? ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకుని దాని పని చేయని అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందమే పంపింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొన్ని నెలలే నిలిచింది. సుబ్బారావు ఆ ఆగస్టులోనే పోయారు.

ఇప్పుడు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర ఆ అమినోప్టెరిన్‌కు తమ్ముడే, అదీ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడేదే. ఒక్క మందుతో జబ్బు తిరగబెడుతుందని తెలిసి తర్వాత నాలుగైదు కలిపారు. నోటిమాత్ర మెదడు దాకా చాలినంత చేరదు గనుక వెన్నులో సూది వచ్చింది.

మెయింటెనెన్స్‌లో మెర్కాప్టోప్యూరిన్ అనే మరో క్యాన్సర్ మందు రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 20 మి.గ్రా. లెక్కన, 0.75 ఉన్న పిల్లవాడికి 15 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. మాత్రలు ఆరు, ఒకేరోజు. చీటీలో ఏ రోజు వేయాలో (సోమవారమో, మంగళవారమో) లేకపోతే రాయించుకోవాలి. ‘ఆరు’ రోజూ వేస్తే నోరు పూస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు కూడా ఫోలిక్ యాసిడ్ విరుగుడు కాదు. మెథోట్రెక్సేట్ మూసిన దారిలోనే అదీ వెళ్లాలి. ఆ మూతకు అవతల పనిచేసేది ల్యూకోవోరిన్ అనే మందు, అది ఆస్పత్రిలోనే ఇస్తారు.

కీళ్లవాతానికి ఇదే మాత్ర వాడే పెద్దవాళ్లకు డాక్టరే ఫోలిక్ యాసిడ్ రాస్తారు. పక్కింటి పిన్నిగారి చీటీ చూసి పిల్లవాడికీ ఫోలిక్ యాసిడ్ వేసే పొరపాటు జరిగేది ఇక్కడే.