అల్లికను ఆపే మాత్ర

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళ వేళ్ళను గమనించారా? మా మేనత్త కబుర్లలో పడి ఊరంతా చుట్టి వచ్చేది గానీ, చేతిలో సూది మాత్రం ఆగేది కాదు. ముందు వేసిన ఉచ్చులోంచి దారం లాగితేనే తరువాతి ఉచ్చు పడుతుంది. ఒక్కచోట ఉచ్చు బిగుసుకుని ముడి పడిందంటే అల్లిక అక్కడితో సరి. హెచ్‌ఐవీని రాకముందే అడ్డుకునే మాత్ర ఎలా పనిచేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ఆ ముడే గుర్తొస్తుంది.

హెచ్‌ఐవీ తన సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ రూపంలో మోసుకొస్తుంది. మన రక్తకణంలో దూరాక దాన్ని డీఎన్‌ఏగా తిరగరాసుకోవాలి. ఆ డీఎన్‌ఏ మన జన్యువుల్లో కలిసిపోయిందంటే ఇక జీవితాంతం తిష్ఠ వేసినట్టే. టెనోఫొవిర్ అనే మందు ఆ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకదానికి నకిలీ. వైరస్ ఎంజైము మోసపోయి దాన్ని గొలుసులో చేర్చుకుంటుంది, కానీ తరువాతి అక్షరాన్ని పట్టుకునే కొక్కెం దానికి లేదు. ముడి పడింది, అల్లిక ఆగింది. ప్రేగ్ నగరంలో అంటొనిన్ హోలీ అనే రసాయన శాస్త్రవేత్త కృషితో పుట్టిన ఈ మందును 2001 నుంచి చికిత్సలో వాడుతున్నారు. దానికి ఎమ్‌ట్రిసిటబీన్ అనే మరో మందును జోడించిన మాత్రను వైరస్ సోకనివారు కూడా ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చని 2012లో అమెరికా అనుమతించింది. దీనికే ప్రెప్ అని పేరు.

క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా సోకే ముప్పు 99 శాతం దాకా తగ్గుతుంది. మత్తుమందును సూదితో ఎక్కించుకునేవారిలో మాత్రం కనీసం 74 శాతం అంటారు. ఈ తేడా చూసి మందు బలహీనమైనదనుకోవడం తొందరపాటు. సూదుల విషయంలో మనకున్న పెద్ద ఆధారం బ్యాంకాక్‌లో 2005లో మొదలై 2012లో ముగిసిన ఒక్క అధ్యయనమే. 2,413 మంది పాల్గొన్నారు. అందులో టెనోఫొవిర్ ఒక్కటే ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 33 మందికి, అసలు మాత్ర ఇచ్చినవారిలో 17 మందికి వైరస్ సోకింది. లెక్కకు సుమారు సగం రక్షణ. అయితే రక్తంలో నిజంగా మందు కనిపించినవారిని విడిగా చూస్తే రక్షణ 70 శాతం దాటింది. జేబులో ఉన్న మాత్ర వైరస్‌ను ఆపదు కదా! నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. సిరంజీలు శుభ్రం చేసుకోవడానికి వాళ్ళకు బ్లీచింగ్ ద్రావణం ఇచ్చారు గానీ, కొత్త సూదులు ఇవ్వలేదు.

మా వైపు ఎండల సంగతి తెలిసినవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు: రోహిణి కార్తెలో రోళ్ళే పగిలే చోట, వాడి పారేసిన సిరంజిలో వైరస్ బతుకుతుందా? ప్రయోగశాలలో దీన్ని పరీక్షించారు. చల్లగా ఉంచిన సిరంజీల్లో ఆరు వారాల తర్వాత కూడా బతికున్న వైరస్ దొరికింది. 27 డిగ్రీలు దాటితే వారం తిరిగేసరికి దాదాపు ఏమీ మిగల్లేదు. సంతోషించేంత సంగతేమీ కాదు. సూది చేతులు మారేది వారానికి కాదు, నిమిషాల్లో. పైగా సూదిని విడిగా తగిలించే సిరంజిలో, పిస్టన్ పూర్తిగా నొక్కినా సూది మొదట్లో కాస్త రక్తం నిలిచిపోతుంది. సూది అతికే వచ్చే ఇన్సులిన్ సిరంజిలో నిలిచేది చాలా తక్కువ. అందుకే మత్తుమందు ఎక్కించుకునేవారికి కొత్త సిరంజీలు పంచేటప్పుడు ఈ రకం మేలంటారు.

సూదుల ద్వారా హెచ్‌ఐవీ అనగానే మన దేశంలో మణిపూర్, మిజోరం, పంజాబ్ గుర్తొస్తాయి. గోదావరి జిల్లాల్లో ఈ వైరస్ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే పాకింది. కాబట్టి సూది వాడేవాళ్ళు ఇక్కడ ఎవరి కంటా పడరు, ఎవరి లెక్కలోకీ రారు. అలాంటివారికే ఈ మాత్ర గురించి ఎక్కువ తెలియాలి. వేసుకునే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి. ఇప్పటికే సోకి ఉంటే ఈ రెండు మందులే చాలవు, వైరస్ వాటికి లొంగకుండా మొండికేస్తుంది. కిడ్నీల పనితీరు చూడాలి. సూదుల విషయంలో పూర్తి రక్షణకు సుమారు మూడు వారాలు పడుతుంది. సూదుల ద్వారానే పాకే కాలేయ వ్యాధి హెపటైటిస్ సి ని ఇది ఆపదు, కనుక కొత్త సూది అవసరం తీరదు. నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ అనే మాత్రతో సూది అలవాటునే మాన్పించే చికిత్స కూడా ఉంది.

ఇక ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజెక్షన్‌కు 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనివారికి ఇది వరమే. దాన్ని చవకగా తయారుచేయడానికి అనుమతి పొందిన ఆరు కంపెనీల్లో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, మన హైదరాబాద్‌వే. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నా శివారు ఆయకట్టు రైతు కాలువ గట్టున ఎదురుచూస్తూ కూర్చోవడం మాకు కొత్త కాదు. ఈ మందుల సంగతీ అంతే. సూదుల పంపిణీ నేరం కాదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 22వ సెక్షన్ తేల్చి చెప్పింది. చట్టం ఉంది, మందు ఉంది. కోనసీమ కుర్రవాడు మాత్రం డాక్టరు రాసిన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తెలిసినవాళ్ళ మందుల షాపు దాటుకుని కాకినాడ బస్సెక్కుతాడు.