రాజుగారు చెప్పకపోతే కదలకూడదు

పిల్లలూ,

మొన్న మీరు ‘రాజుగారు చెప్పారు’ ఆట ఆడుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ఎంతో ముచ్చటేసింది. ఒక్క విషయం మాత్రం మనసులో ఉండిపోయింది, అందుకే ఈ ఉత్తరం.

‘రాజుగారు చెప్పారు, చేతులెత్తండి’ అంటే ఎత్తాలి. ఉత్తినే ‘చేతులెత్తండి’ అంటే కదలకూడదు. ఇదే ఆటను ఇంగ్లీషు పిల్లలు సైమన్ పేరుతో, ఫ్రెంచి పిల్లలు జాక్ పేరుతో ఆడతారు. పేరు ఎవరిదైనా చిక్కంతా ఆగడంలోనే ఉంది.

మీలో అందరికన్నా చిన్నది ఉంది చూడండి, ‘గెంతండి’ అని వినగానే దాని మడమలు లేచాయి. అంతలోనే గుర్తొచ్చి, ఊపిరి బిగబట్టి, కాలివేళ్ల మీదే ఊగిపోయింది. ఆ అరక్షణంలో దాని బుర్ర ఎంత పని చేసిందో! మాట విన్నది, ముందు ‘రాజుగారు’ ఉన్నారా లేదా అని వెతుక్కుంది, అప్పటికే బయల్దేరిన కాళ్లను పట్టి ఆపింది. ఇలా ఆపే పని చాలావరకు మెదడులో నుదుటి వెనక ఉండే భాగానిది. అది పూర్తిగా ఎదిగేసరికి మనిషికి ఇరవై ఏళ్లు దాటిపోతాయి. అందుకే చిన్నవాళ్లు ఈ ఆటలో అంతగా తడబడతారు.

మీరేమో దాన్ని ‘అవుట్’ అని గట్టు మీద కూర్చోబెట్టారు. పాపం, ఆట అయ్యేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. నాకది నచ్చలేదు. ఆడి నేర్చుకోవాల్సిన పిల్లకే ఆట దక్కలేదు. ఈసారి తప్పు చేసినవాళ్లు ఒక చుట్టు పరుగెత్తి వచ్చి మళ్లీ కలవాలని పెట్టుకోండి. ఎక్కువమంది ఉంటే రెండు గుంపులుగా ఆడండి. ఇక్కడ తప్పినవాళ్లు ఆ గుంపులోకి, అక్కడ తప్పినవాళ్లు ఈ గుంపులోకి వస్తారు. ఎవరూ ఖాళీగా కూర్చోరు.

రాజుగారి తరఫున చెప్పేవాళ్లకు ఒక కిటుకు. నాలుగైదు సార్లు వరసగా ‘రాజుగారు చెప్పారు’ అనండి. అందరూ ఊపులో పడ్డాక ఒక్కసారి ఆ మాట వదిలేయండి. ‘రాజుగారు చెప్పారు, ముక్కు పట్టుకోండి’ అంటూ మీరు చెవి పట్టుకుని చూడండి, పెద్దవాళ్లు కూడా చాలామంది చెవే పట్టుకుంటారు! గెంతడం, గుంజీళ్లు, ఒంటికాలి మీద నిలబడటం, అన్నీ కలపండి. ఒళ్లు వేడెక్కాలి. పక్కవాళ్లను తోయమనే ఆజ్ఞలు మాత్రం వద్దు, పడతారు.

ఆదివారం నేనూ వస్తాను. ముందు చిన్నదాన్నే చెప్పనివ్వండి. నేను మీ వరసలో నిలబడతాను.

ప్రేమతో,
మీ తాతయ్య