ఆఖరి రోజుకి స్కూబా పెట్టుకోకండి: అపోహలు - వాస్తవాలు

దసరా దాటిందంటే నా ఫోన్‌కి అండమాన్ ప్లాన్లు రావడం మొదలవుతుంది. రుషికొండలో నా దగ్గర డైవింగ్ నేర్చుకున్నవాళ్లు, వాళ్ల బావమరుదులు, ఆఫీసు స్నేహితులు... "అన్నా, ఒకసారి చూసి చెప్పు" అని పంపిస్తారు. సగం ప్లాన్లలో ఒకటే తప్పు. ముందు సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్, షాపింగ్. హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) స్కూబా చివరి రోజు పొద్దున. మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం చెన్నై మీదుగా వైజాగ్ ఫ్లైట్. మంచిది ఆఖరికి దాచుకుంటాం మనం. ఈ ఒక్క విషయంలో అలా చేస్తే ప్రాణం మీదకొస్తుంది.

అపోహ: డైవ్ అయిపోయింది, ఒంట్లో బాగానే ఉంది, ఫ్లైట్ ఎక్కితే ఏమవుతుంది?

వాస్తవం: పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కీళ్లలో ఎక్కువగా కరుగుతుంది. పైకొచ్చాక ఊపిరితిత్తుల గుండా మెల్లగా పోతుంది, దానికి గంటలు పడుతుంది. అది పోకముందే ఇంకా తక్కువ ఒత్తిడిలోకి వెళ్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది. అదే డీకంప్రెషన్ సిక్‌నెస్. "విమానంలో ప్రెషర్ మెయింటైన్ చేస్తారు కదా" అంటారు. చేస్తారు. కానీ అది సముద్రమట్టం ప్రెషర్ కాదు, దాదాపు 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తు కొండ మీద ఉండే ప్రెషర్.

డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే లెక్క ఇది: డీకో లేని డైవ్, అంటే పైకొచ్చేటప్పుడు నైట్రోజన్ పోవడానికి మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన పనిలేనిది, ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు ఆగాలి. ఒకే రోజు ఒకటికి మించి చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18. డీకో డైవ్ అయితే అంతకన్నా చాలా ఎక్కువ. నేనైతే అందరికీ 24 అనే చెబుతాను, ఎందుకంటే కనీసం అన్నది కనీసమే. కాబట్టి దిగిన మర్నాటి నుంచే డైవింగ్ పెట్టుకోండి, జైలూ షాపింగూ చివరికి జరపండి. ఆఖరి రోజు నీళ్లలోకి దిగాలనిపిస్తే పైపైన స్నోర్కెలింగ్ చేసుకోండి, పర్వాలేదు. ఫ్లైట్ దిగాక డైవ్ చేయడానికి ఈ గండం లేదు. నిద్ర సరిపోయిందా, నీళ్లు తాగారా, అంతే చూసుకోండి.

ఇదే తప్పు వైజాగ్‌లోనూ చేస్తారు. పొద్దున రుషికొండలో డైవ్, అటునుంచి అటే కారులో అరకు! ఎస్.కోటలో కొన్న చిప్స్ ప్యాకెట్ అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి ఉబ్బిపోయి గట్టిగా తయారవడం అందరూ చూసిందే. బయట ఒత్తిడి అంత తగ్గిందన్నమాట. రైల్లో వెళ్లినా అంతే, ఆ దారిలో సిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. 600 మీటర్లు దాటితే విమానానికి చెప్పిన లెక్కే పాటించాలి. ముందు అరకు చూసొచ్చి, తర్వాత డైవ్ చేయండి.

నాకు తెలిసిన కుర్రాడొకడు హేవ్‌లాక్‌లో వరసగా డైవ్‌లు చేసి, చివరిది ఫ్లైట్ రోజు పొద్దునే చేశాడు. నిజం చెబితే దింపరని డైవ్ షాపులో "ఫ్లైట్ రేపు" అన్నాడు. విమానంలోనే మోచెయ్యి సలపడం మొదలైంది, ఇంటికొచ్చేసరికి వేళ్లు తిమ్మిరి. బ్యాగు మోసినందుకేమో అనుకుని ఆసుపత్రికి వెళ్తే నొప్పి మాత్రలు రాసిచ్చారు. డైవ్ చేశానని వీడు చెప్పనేలేదు, వాళ్లు అడగనూ లేదు. మర్నాడు నాకు ఫోన్ చేస్తే అప్పుడు రీకంప్రెషన్ ఛాంబర్ (ఒత్తిడి మళ్లీ పెంచి బుడగలు కరిగించే గది) దాకా వెళ్లింది వ్యవహారం. కోలుకున్నాడు. డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, కళ్లు తిరగడం, వింత నీరసం, దద్దురు, ఏది కనిపించినా డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట "నేను డైవ్ చేశాను" అనే. ఆక్సిజన్ పెట్టించమని అడగండి.

ఇది చదివి, పోయినేడాది తాము అలాగే వచ్చేశామని బెంగపడేవాళ్లు ఉంటారు. లక్షణాలు చాలావరకు 24 గంటల్లోపే బయటపడతాయి. మీకేమీ కాలేదు, హాయిగా ఉండండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్యాంకులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే, బాగా కుక్కి నింపుతారు. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని ట్రై డైవ్ చేయొచ్చు, 12 మీటర్లు దాటించరు. డైవర్ సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సుకి మాత్రం 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం రావాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ మాస్కులు దొరుకుతాయి, ముందే అడగండి. సొరచేపల గురించి భయపడుతూ ఫోన్ చేసే అమ్మలకి నేను చెప్పేది ఒకటే: అమ్మా, రీఫ్ షార్క్ మనల్ని చూస్తే తప్పుకుని పోతుంది, మీవాడికి జలుబుందేమో అది చూడండి. జలుబుతో దిగితే చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతింటుంది. మెడికల్ ఫారంలో ఆస్తమా దాచడం అంతకన్నా ప్రమాదం. డబ్బు పోతుందని దాస్తారు. డాక్టరు సర్టిఫికెట్ వైజాగ్‌లోనే తీసుకుని బయల్దేరితే ఆ డబ్బూ పోదు.

పగడాన్ని రాయి అనుకుని పట్టుకుని నిలబడకండి, అది ప్రాణమున్న జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కేగా అని బ్యాగులో వేసుకున్నా కేసవుతుంది.