ఇంటిల్లిపాదికీ క్రీడల గడినుడి: అపోహలు, వాస్తవాలు

దసరా సెలవులకు నల్లగొండ, దేవరకొండ ప్రాంతాల ఇళ్లలో మూడు తరాలవారు ఒకచోట చేరినప్పుడు, అందరూ కలిసి పూరించేలా క్రీడల మీద గడినుడి (క్రాస్‌వర్డ్) కూర్చి ఇవ్వడం నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు. తామూ ఒకటి తయారుచేసుకోవాలని అడిగేవారిలో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నందువల్ల వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ముందు ప్రశ్నలు రాసుకుని, వాటి జవాబులను గళ్లలో సర్దితే సరిపోతుంది.

వాస్తవం: ముందు మాటలు, తరువాత గళ్లు, అన్నిటికన్నా చివర ఆధారాలు, అంటే జవాబును సూచించే ప్రశ్నలు, రావాలి. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసిన అక్షరం ఒకే గడిలో కూర్చుంటుంది. మాట చివరి పొల్లుకు మాత్రం విడిగా ఒక గడి ఇస్తాం. అందువల్ల ‘మల్లీశ్వరి’కి నాలుగు గళ్లు, ‘కబడ్డీ’కి మూడు, ‘సింధు’కు రెండే అవసరమవుతాయి. రెండు మాటలు ఒకదాన్నొకటి దాటే చోట అక్షరం అచ్చంగా ఒకటే కావాలి కనుక, మాటలు ఎంచుకునేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి. ఉదాహరణకు నిలువుగా ‘నీరజ్’ రాసి, దాని చివరి ‘జ్’ దగ్గర ముగిసేలా అడ్డంగా ‘సిరాజ్’ రాయవచ్చు. అందులోని ‘రా’ నుంచి కిందికి, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మహిళల హాకీ జట్టు సారథి ‘రాణి’ దిగుతుంది. అయితే అదే ‘సిరాజ్’లోని ‘సి’ నుంచి ‘సింధు’ను దింపడం కుదరదు, ఎందుకంటే అక్కడ కావలసింది ‘సిం’. కొత్తగా కూర్చేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అపోహ: ఎవరికీ తెలియని వివరాలు అడిగితేనే గడినుడి గట్టిదవుతుంది.

వాస్తవం: ఒక్కరికీ తెలియని జవాబు గళ్లను ఖాళీగా వదిలేస్తుంది, కాగితం పక్కకు పోతుంది. గట్టిదనం ఆధారంలో కంటే మాటలు కలిసే తీరులోనే ఉంటుందని నా నమ్మకం. ఒకరికి తెలిసిన మాట మరొకరికి తెలియని మాటను దాటి వెళ్లేలా కూర్చితే, ఇంట్లో అందరూ ఒకరినొకరు అడగక తప్పదు. ‘కర్ర ముక్కను గాలిలోకి లేపి కొట్టే ఊరి ఆట’ అంటే నాయనమ్మ వెంటనే ‘చిర్రగోనె’ అంటుంది. ‘జట్టుకు ఏడుగురు బరిలో దిగే, 30 సెకన్లలో కూత ముగించవలసిన ఆట’ తాతకు కొట్టిన పిండి. ‘2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన నిజామాబాద్ బాక్సర్’ ఎవరో బడికి వెళ్లే మనవరాలు చెబుతుంది. ‘మన నల్లగొండ అవుట్‌డోర్ స్టేడియం పేరులో మేకల తరువాతి మాట’ అని అడిగితే, అక్కడ ఆడి పెరిగిన మేనమామకు ‘అభినవ్’ అని చెప్పే అవకాశం దక్కుతుంది. ఇలాంటి స్థానిక ఆధారం ఒక్కటైనా ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: క్రీడలంటే క్రికెట్టే కనుక ఆ ఆటగాళ్ల పేర్లు చాలు.

వాస్తవం: క్రికెట్ చూడనివారు మొదటి ఆధారంతోనే దూరమవుతారు. పైగా క్రికెట్‌లో చాలామందికి గుర్తుండేవి అంకెలు, అవి అక్షరాల గళ్లలో ఇమడవు. అలాంటప్పుడు అంకెను ఆధారంలోకి మార్చాలి: ‘2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన హైదరాబాదీ’ అంటే ‘లక్ష్మణ్’ మూడు గళ్లలో వస్తాడు. సిడ్నీలో 2000లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన మల్లీశ్వరినీ, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ బిడ్డ దీప్తినీ పక్కన చేరిస్తే ఇంటి ఆడపిల్లల ఉత్సాహం మాటల్లో చెప్పలేనిది.

అపోహ: క్రీడా సమాచారం ఒకసారి తెలుసుకుంటే ఇక మారదు.

వాస్తవం: రికార్డులు బద్దలవుతాయి, సారథులు మారుతారు, కాబట్టి ‘ప్రస్తుత’ అనే మాటను ఆధారాల్లో వాడకూడదు. ఏడాది తప్పకుండా రాయాలి, అందులోనూ జాగ్రత్త అవసరం. టోక్యో ఒలింపిక్స్ పేరులో 2020 ఉన్నా జరిగింది 2021లో; ‘2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్’ అని పూర్తిగా రాస్తే వాదన రాదు.

అపోహ: పత్రికల్లోలా నల్లగళ్లు నాలుగు వైపులా సమంగా ఉండాలి, అది కంప్యూటర్ లేకుండా కాదు.

వాస్తవం: ఇంటి గడినుడికి ఆ నియమం అక్కరలేదు. గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు ఉంటే తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు గళ్లలో పదిహేను మాటల వరకు హాయిగా కూర్చవచ్చు. ఇంగ్లిషు కోసం తయారైన కొన్ని సాఫ్ట్‌వేర్లు గుణింతాన్ని అక్షరం నుంచి విడదీసి వేరే గడిలో పడేస్తాయి కనుక చేత్తో చేయడమే మేలు. అంతా అయ్యాక ఖాళీ గళ్ల ప్రతిని, కూర్పులో పాలుపంచుకోని ఒకరికి ముందుగా ఇచ్చి పూరించమనాలి. ‘గోపీచంద్’ను ‘గోపిచంద్’ అని రాసే అవకాశం ఉన్నట్టే, మనకు తట్టని రెండో జవాబు ఏ ఆధారానికైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఆ ఆధారాన్ని సరిదిద్దిన తరువాతే మిగతావారికి ప్రతులు తీయించాలి.