బాంబులు పడింది విశాఖలో, ఖాళీ అయింది మదరాసు

2025 మేలో పాకిస్తాన్‌తో యుద్ధ వాతావరణం, మాక్ డ్రిల్ అనగానే కావలిలో మా వీధి వీధంతా ఒకటే టెన్షన్, మనదాకా వస్తుందా అని. ఆ వారంలోనే ఒక రాత్రి కరాచీ పోర్టు నాశనమైపోయిందని కొన్ని టీవీలు ఊదరగొట్టాయి, అది వట్టిదని తర్వాత తేలింది. నాకు మా అవ్వ చెప్పిన 1942 గుర్తొచ్చింది. అప్పుడూ జనానికి దొరకనిది నమ్మదగ్గ కబురే.

సముద్రం వైపు నుంచి దెబ్బ పడుతుందన్న భయం మదరాసుకు అంతకుముందే ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక హార్బరు దగ్గర చమురు ట్యాంకుల మీద గుళ్ళు కురిపించి వెళ్ళిపోయింది, చాలామంది ఊరు వదిలారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాన్ చేతిలో పడింది, మార్చిలో రంగూన్, ఆ వెంటనే అండమాన్. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద, 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ళు కొద్దిమందే, కానీ విశాఖ ఖాళీ అయిపోయింది. ఇక జపాన్ దండు ఓడల్లో మదరాసు మీదికి వస్తోందని ప్రభుత్వానికే తప్పుడు కబురు అందింది, అంతే, పని లేనివాళ్ళంతా ఊరు వదలండని వాళ్ళే చెప్పారు. హైకోర్టు కోయంబత్తూరుకు పోయింది, జూలో పులుల్నీ సింహాల్నీ తప్పించుకుంటాయేమోనని కాల్చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు నుంచి గుంటూరుకు మారింది. సర్కారే మూటాముల్లె సర్దుకుంటుంటే జనం ఎట్లా ఆగుతారు? దాన్ని పిరికితనం అంటే నేను ఒప్పుకోను.

జనం అట్లా ఊరు వదలడానికి ఇంకో కారణం బర్మా. అక్కడి నుంచి అడవుల్లో, కొండల్లో నడిచొచ్చిన లక్షల మందిలో మన తెలుగు కూలీలూ ఉన్నారు. మంచి దారి తెల్లవాళ్ళకి, కష్టమైన దారి మనవాళ్ళకి. ఆ వివక్ష మీద గాంధీ రాశారు, కాంగ్రెస్ అలహాబాదులో నిరసన చెప్పింది. ఆపద వస్తే దొరలు వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారని ఊరూరా తెలిసిపోయింది.

అవ్వకి అప్పుడు పదిహేడేళ్ళు. మదరాసు నుంచి వచ్చే రైళ్ళలో కాలు పెట్టే సందు లేదంట. ఆమె మేనత్త కుటుంబం ఎనిమిది మంది కావలిలో దిగారు, కుట్టుమిషను తల ఒక్కటీ విప్పి గోనెపట్టాలో చుట్టుకుని. "చీకటి పడితే లాంతరు చిమ్నీకి సగం మసి పూసేవాళ్ళం అబ్బయ్యా, సముద్రం మీదికి వెలుగు కనపడకూడదని" అనేది. కావలి నుంచి సముద్రం కనిపించదు, అయినా పూశారు, ఎందుకంటే కాదని చెప్పేవాళ్ళు లేరు.

ఆ ఏప్రిల్‌లో మదరాసు మీద ఒక్క బాంబూ పడలేదు. మేనత్తా వాళ్ళు దసరా అయ్యాక తిరిగి వెళ్ళారు, మిషను తల మాత్రం మా ఇంట్లోనే పెట్టి వెళ్ళారు, మళ్ళీ రావాల్సొస్తుందేమో అని.