మలావీలో పిల్లల ఆసుపత్రి కట్టడం: అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రులకు కరెంటు, ఆక్సిజన్, పరికరాల ఏర్పాట్లు చూడటం నా వృత్తి. "ఆఫ్రికాలో పేదపిల్లల కోసం ఆసుపత్రి కట్టిద్దామనుకుంటున్నాం, ఎంతవుతుంది?" అని మనవాళ్లు అడుగుతుంటారు. ఆ ఆలోచన వచ్చిన ప్రతి ఒక్కరి మీదా నాకు గౌరవం ఉంది. వాళ్ల డబ్బు తాళం వేసిన బిల్డింగ్‌గా మిగిలిపోకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద బిల్డింగ్ లేస్తేనే పిల్లల ప్రాణాలు దక్కుతాయి.

వాస్తవం: మలావీలోని బ్లాంటైర్ నగరంలో ఉన్న క్వీన్ ఎలిజబెత్ ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఓపీని తిరిగి సర్దారు. పిల్లాడు రాగానే ఎంత సీరియస్‌గా ఉన్నాడో చూడటం, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీ వైద్యం మొదలుపెట్టడం సిబ్బందికి నేర్పారు. 2006లో వెలువడిన లెక్కల ప్రకారం, అడ్మిట్ అయిన పిల్లల్లో 10 నుంచి 18 శాతం దాకా ఉన్న మరణాలు 6 నుంచి 8 శాతానికి తగ్గాయి. అందుకే ఏ ప్లాన్ చూసినా, గేటు నుంచి ఎమర్జెన్సీ బల్ల దాకా తల్లి బిడ్డనెత్తుకుని ఎన్ని అడుగులు నడవాలో ముందు చూస్తాను.

అపోహ: కట్టడం అయిపోతే ఖర్చు అయిపోయినట్టే.

వాస్తవం: అసలు ఖర్చు అప్పుడే మొదలవుతుంది. మలావీ ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం ఉచితం, ఫీజులతో నడుపుదామంటే కుదరదు. పదేళ్లపాటు జీతాలు, మందులు, డీజిల్ ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద ఉండాలి. పాప్ గాయని మడోనా సంస్థ రైజింగ్ మలావీ 2017లో పిల్లల సర్జరీ కోసం మెర్సీ జేమ్స్ సెంటర్‌ను ఊరవతల విడిగా కట్టకుండా క్వీన్ ఎలిజబెత్ ఆవరణలోనే కట్టింది. నడిపే ఖర్చు సంగతి ఆలోచిస్తే నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

అపోహ: సిలిండర్లు కొనిస్తే ఆక్సిజన్ టెన్షన్ ఉండదు.

వాస్తవం: సిలిండర్ ఖాళీ అయితే నింపించుకు రావాలి, లారీ ఆలస్యమైతే వార్డు ఆగిపోతుంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సెంట్రేటర్లు నయం, కానీ వాటికి కరెంటు కావాలి. 2022 జనవరిలో ఆనా తుఫాను కపిచిరా జలవిద్యుత్ కేంద్రాన్ని దెబ్బతీస్తే దేశానికి దాదాపు 130 మెగావాట్లు పోయాయి. సోలార్, బ్యాటరీ, జనరేటర్ మూడూ మొదటి ఎస్టిమేట్‌లోనే ఉండాలి. పిల్లలకు వేరే సామాను కూడా కావాలి. నెలల పసికందుకు నిమిషానికి లీటరు, రెండు లీటర్లు చాలు, అంత తక్కువ కొలిచే మీటర్లు ఉండాలి. పెద్దవాళ్ల వేలికి పెట్టే ఆక్సీమీటర్ క్లిప్పు ఆ చిట్టి వేలికి నిలవదు.

ఊపిరి అందని పసిబిడ్డల ఊపిరితిత్తులకు ఒత్తిడితో గాలి అందించే బబుల్ సీప్యాప్ పరికరం సంగతి తప్పకుండా చెప్పాలి. బిడ్డ వదిలే గాలి గొట్టం చివరను నీళ్లలో ముంచుతారు. ఎంత లోతు ముంచితే ఊపిరితిత్తులకు అంత ఒత్తిడి అందుతుంది. క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలోనే అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ల తక్కువ ఖర్చు పరికరాన్ని పరీక్షించారు. ఊపిరి అందక అవస్థపడే నవజాత శిశువుల్లో మామూలుగా ఆక్సిజన్ పెట్టినవాళ్లు 44 శాతం బతికితే, దీని మీద ఉన్నవాళ్లు 71 శాతం బతికారు. 2014లో వచ్చిన ఫలితాలివి. నేను చూసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పరికరాలు అరుదు.

అపోహ: ఇక్కడ వాడి పక్కన పెట్టిన మెషీన్లు పంపినా ఉపకారమే.

వాస్తవం: పేదదేశాల ఆసుపత్రుల్లో దాదాపు 40 శాతం పరికరాలు పనిచేయడం లేదని 2011 నాటి ఒక అధ్యయనంలో తేలింది. విడిభాగాలు దొరకవు, మాన్యువల్ ఉండదు. మలావీకి సముద్రం లేదు. చిన్న ఫిల్టర్ కూడా మొజాంబిక్‌లోని బెయిరా రేవులో దిగి లారీలో రావాల్సి రావచ్చు. అక్కడి టెక్నీషియన్లకు ఏం కావాలో అడిగి, రెండేళ్ల విడిభాగాలతో కలిపి కొత్తదే కొనండి.

అపోహ: బంధువులను బయట ఉంచితే వార్డు శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: అక్కడ బిడ్డకు తినిపించేది, కడిగేది, పరిస్థితి విషమిస్తే ముందు గమనించేది వెంట వచ్చిన తల్లో అమ్మమ్మో. నర్సులు చాలా తక్కువ. వెంట వచ్చినవాళ్లు వండుకోవడానికి పొయ్యిలు, బట్టలుతికే చోటు, స్నానాల గదులు, రాత్రి పడుకోవడానికి కప్పున్న షెడ్ ప్లాన్‌లోనే గీయించండి. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే ముందుగా వీటినే కొట్టేస్తుంటారు. అప్పుడు వాళ్లు వరండాల్లో వండుకుంటారు, వార్డు కుళాయి దగ్గరే బట్టలుతుకుతారు.