బుడగే కదా అనుకుంటాం

పిస్టల్ రొయ్య అని ఒకటుంది. పొడవు మహా అయితే నాలుగైదు సెంటీమీటర్లు. ముందు కాళ్ళలో ఒకటి మామూలుగానే ఉంటుంది, రెండోది మాత్రం ఒంట్లో సగం ఉందా అన్నంత పెద్ద పటకారు. ఎర దగ్గరికి రాగానే ఆ పటకారు తెరిచి టప్పున మూస్తుంది, అంతే, ముట్టుకోకుండానే ఎదురుగా ఉన్న చిన్న పీతో చేపో స్పృహ తప్పి పడిపోతుంది. పటకారు అంచులు రెండూ కొట్టుకోవడం వల్లే ఆ చప్పుడు వస్తోందని చాలాకాలం అనుకున్నారు. 2000లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం నుంచి డెట్లెఫ్ లోజ, మ్యూనిక్ నుంచి బార్బరా ష్మిట్జ్ తమ సహచరులతో కలిసి సెకనుకు 40 వేల ఫ్రేములు తీసే కెమెరా ఒకటి, నీటిలో శబ్దాన్ని పట్టే మైకు ఒకటి పెట్టి చూశారు. పటకారు మూసుకున్న క్షణంలో మైకులో ఏమీ వినపడలేదు. మూసుకుంటూనే అందులోంచి గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో నీటిధార దూసుకొచ్చింది, ఆ ధార వెంటే ఒక బుడగ పుట్టింది, ఉబ్బింది, కూలిపోయింది. చప్పుడు వచ్చింది అది కూలినప్పుడు.

ఇవి వేలల్లో ఒకేచోట ఉంటే నీటి అడుగున వినిపించేది ఆగకుండా నూనెలో ఏదో వేగుతున్న చిటపట. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ కోసం మైకులు వేసి కూర్చున్న అమెరికా నౌకాదళానికి ఈ మోత పెద్ద తలనొప్పి అయింది. అదేమిటో కనుక్కోమని శాస్త్రవేత్తలను పెడితే చివరికి ఈ రొయ్యలని తేలింది.

వింత జంతువుల గురించి, వింత యంత్రాల గురించి, అంతుచిక్కని విషయాల గురించి మనం విడివిడిగా చదువుతుంటాం. నాకు మాత్రం ఈ బుడగ ఒక్కటే మూడు చోట్లా కనపడుతుంది, అందుకే ఇదంటే ఇంత ఇష్టం.

ముందు ఇదెలా పుడుతుందో చూద్దాం. నీళ్ళు మరగాలంటే వేడి చేయాలని చిన్నప్పుడే నేర్చుకున్నాం కానీ, ఒత్తిడి బాగా తగ్గించినా మరుగుతాయి. మామూలు గది వేడిలో ఉన్న నీటి మీద ఒత్తిడి మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడిలో నలభయ్యో వంతు కంటే కిందికి పడిపోతే చాలు, చల్లగానే ఆవిరైపోతుంది. నీరు చాలా వేగంగా పారే చోట, సుడి తిరిగే చోట ఒత్తిడి అలాగే పడిపోతుంది, అక్కడ ఆవిరి బుడగలు లేస్తాయి. పక్కనే ఒత్తిడి మామూలుగా ఉన్న చోటికి అవి చేరగానే చుట్టూ ఉన్న నీరు అన్ని వైపుల నుంచీ వాటి మీద పడుతుంది. లోపల ఉన్నది గాలి అయితే మెత్తగా అడ్డుకునేది, కానీ ఇది ఆవిరి, నొక్కగానే తిరిగి నీరైపోతుంది, ఆపేది దాదాపు ఏమీ ఉండదు. దాంతో మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుని ఉన్న శక్తి అంతా ఒక్క చుక్క మీదికి వచ్చి పడుతుంది. దీన్నే కేవిటేషన్ అంటారు.

మనిషికి ఇది ఎదురైంది ఓడల్లో. 1890లలో బ్రిటన్ కట్టిన వేగవంతమైన యుద్ధనౌక డేరింగ్, ఇంజన్ ఎంత గట్టిగా తిప్పినా అనుకున్న వేగం అందుకోలేదు. ఆ తర్వాత, అప్పటికే ఆవిరి టర్బైన్ కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ తన టర్బైన్‌తో నడిచే మొదటి పడవ టర్బినియాను 1894లో నీటిలోకి దించితే అదీ అంతే, 20 నాట్లు (గంటకు సుమారు 37 కిలోమీటర్లు) కూడా దాటలేదు. ఇంజన్‌లో తప్పు లేదు, ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరగడంతో దాని రెక్కల వెనక నీరు తెగిపోయి ఆవిరి గుంటలు ఏర్పడుతున్నాయి, ఆవిరిని నెట్టి పడవ ఎక్కడికి పోతుంది? దీన్ని కళ్ళారా చూడటానికి పార్సన్స్ చేసిన ఏర్పాటు నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చే భాగం. చిన్న తొట్టెలో నీటిని మరగబోయే దాకా వేడిచేసి అందులో బుల్లి ప్రొపెల్లర్‌ను తిప్పాడు, అంత వేడి నీటిలో బుడగలు పుట్టడానికి పెద్ద వేగం అక్కర్లేదు కదా. దాని మీద ఆగి ఆగి వెలిగే లైటు వేస్తే గిర్రున తిరుగుతున్న రెక్కలు ఆగినట్టు కనిపించాయి, వాటికి అంటుకున్న బుడగలతో సహా. కారణం తెలిశాక పడవకు ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీ (షాఫ్టు) ఒకటి బదులు మూడు, ఒక్కోదానికి మూడు ప్రొపెల్లర్ల చొప్పున మొత్తం తొమ్మిది బిగించాడు. 1897 జూన్ 26న విక్టోరియా రాణి వజ్రోత్సవాల కోసం స్పిట్‌హెడ్ దగ్గర నౌకాదళం బారులు తీరి ఉంటే, ఆ వరసల మధ్యలోంచి టర్బినియా 34 నాట్ల వేగంతో దూసుకుపోయింది, పట్టుకోవడానికి వెళ్ళిన నౌకలకు అందలేదు.

వేగం తగ్గడం ఒక్కటే అయితే సరిపోయేది. ఆ బుడగలు లోహాన్ని తినేస్తాయి. కొత్త ప్రొపెల్లర్ల మీద గుంటలు పడుతుంటే కారణం తెలియలేదు, చివరికి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1917లో లెక్క కట్టి చూపించాడు, గుండ్రని ఖాళీ ఒకటి నీటిలో కూలితే దాని పక్కన ఒత్తిడి గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లు దాటగలదని. అదీగాక గోడ పక్కన ఉన్న బుడగ గుండ్రంగా కూలదు. గోడకు దూరంగా ఉన్న వైపు ముందు లోపలికి పడిపోయి, సన్నని నీటి సూదిలా బుడగను చీల్చుకుని వచ్చి గోడను పొడుస్తుంది. ఒక్క పోటుకు ఏమీ కాదు, కోట్ల పోట్లు పడితే ఉక్కు కూడా తట్టుకోదు.

1983లో అమెరికాలో కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ డ్యాముకు పెద్ద వరద వచ్చి, అదనపు నీటిని సొరంగాల్లోంచి వదిలారు. ఆ వేగానికి సొరంగం గోడల దగ్గర పుట్టిన బుడగలు కాంక్రీటును కొరుక్కుంటూ పోయి, దాని కింద ఉన్న ఇసుకరాతిలోకి దిగి, ఒకచోట దాదాపు పది మీటర్ల లోతు గొయ్యి తవ్వేశాయి. తర్వాత చేసిన మరమ్మతు ఏమిటంటే సొరంగంలో నీటిలోకి గాలి కలిసేలా గాడి కట్టడం. గాలి కలిసిన బుడగ మెత్తగా కూలుతుంది, అంతే.

ఇంజనీర్లు తప్పించుకోవాలని చూసే ఈ దెబ్బను మాంటిస్ ష్రింప్ రోజూ తన చేతి మీదే వేసుకుంటుంది. ఇది పిస్టల్ రొయ్య కాదు, నిజానికి రొయ్య కూడా కాదు, దూరపు చుట్టం. నత్తగుల్లలను పగలగొట్టే జాతుల్లో చేయి చివర గుండ్రటి సుత్తి ఉంటుంది, దాన్ని గంటకు 80 కిలోమీటర్లు దాటిన వేగంతో విసురుతుంది. కండరం ఒక్కటే అంత వేగం ఇవ్వలేదు, జీను ఆకారంలో ఉన్న గట్టి పెంకు ఒకటి స్ప్రింగులా నొక్కుకుని ఉండి, గడియ తీయగానే విడుదలవుతుందని జీవశాస్త్రవేత్త షీలా పటేక్ బృందం 2004లో చూపించింది. ఆ దెబ్బను కొలిస్తే గుల్లకు ఒకటి కాదు రెండు దెబ్బలు తగులుతున్నట్టు కనపడింది, మొదటిది సుత్తిది, అర మిల్లీసెకను లోపే రెండోది, మధ్యలో పుట్టిన బుడగ కూలినప్పటిది. రెండోది సగటున మొదటి దాంట్లో సగం ఉంటుంది, కొన్నిసార్లు మొదటిదాన్నే మించిపోతుంది. మరి ఆ సుత్తి ఎందుకు పగలదు? పైన చాలా గట్టి ఖనిజపు పొర, దాని లోపల రొయ్యల, పురుగుల పెంకుల్లో ఉండే కైటిన్ పోగులు పొరలు పొరలుగా, ఒక్కో పొర కింది దానికంటే కొంచెం తిరిగి, మెలికల మెట్లలా పేర్చి ఉంటాయి. పగులు పుట్టినా నేరుగా పోలేక మెలికలు తిరిగి అలిసిపోతుంది. 2012లో ఈ అమరిక బయటపడ్డాక దాన్నే అనుకరిస్తూ గట్టి పలకలు తయారుచేసి చూస్తున్నారు.

బుడగతో పోరాడటం మానేసి అందులోనే కూర్చున్న యంత్రం ఒకటుంది. సోవియట్ యూనియన్ 1970లలో తెచ్చిన, నీటి కింద దూసుకెళ్ళి ఓడలను పేల్చే ష్క్వాల్ టార్పిడో ముక్కు దగ్గర నుంచి వాయువు వదులుతూ తన చుట్టూ ఒకే పెద్ద బుడగను అల్లుకుంటుంది. ముక్కు తప్ప ఒళ్ళు దాదాపు తడవదు, వెనక రాకెట్ ఇంజన్. మామూలు టార్పిడోలు గంటకు 90, 100 కిలోమీటర్ల దగ్గర ఉంటే ఇది 370 దాకా వెళ్తుంది. చంపడానికే చేసింది కాబట్టి దీన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ నీటిలో ఉంటూ నీటిని తాకకుండా వెళ్ళడం అన్న ఆలోచన మాత్రం ఆశ్చర్యమే. ఇదే బుడగ మనుషుల్ని బతికించడానికీ పనికొస్తోంది. కిడ్నీలో రాళ్ళను బయటి నుంచే తరంగాలతో పగలగొట్టే చికిత్స 1980లో మ్యూనిక్‌లో మొదలైంది, అక్కడ రాయి పొడి కావడంలో బుడగలకూ వాటా ఉంది. కాలేయంలోని కణితులను అల్ట్రాసౌండ్ బుడగలతోనే చిదిమే హిస్టోట్రిప్సీ యంత్రానికి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, కత్తి లేదు, రేడియేషన్ లేదు.

ఇక వెలుగు సంగతి. 1934లో జర్మనీలోని కొలోన్‌లో ఫ్రెంజెల్, షుల్టెస్ అనే ఇద్దరు ఫోటో కడిగే పనిని అల్ట్రాసౌండ్‌తో త్వరగా చేయొచ్చేమో అని చూస్తుంటే ఫిల్మ్ మీద చుక్కలు పడ్డాయి. ద్రవంలో బుడగలు వెలుగుతున్నాయి! వేల బుడగలు కలగాపులగంగా ఉంటే ఏదీ కొలవలేం, అందుకే అసలు పని 1989 ప్రాంతంలో మొదలైంది. ఫెలిపే గైటన్, లారెన్స్ క్రమ్ నీటి పాత్ర మధ్యలో శబ్ద తరంగాలతో ఒకే ఒక్క బుడగను కదలకుండా నిలబెట్టగలిగారు. సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా అది ఉబ్బి కూలుతుంది, కూలిన ప్రతిసారీ ఒక మెరుపు, చీకటి గదిలో కంటికి నీలి చుక్కలా కనపడుతుంది. ఒక్కో మెరుపు ఉండేది సెకనులో వెయ్యి కోట్లో వంతు కాలం. ఇంకా చిత్రం, గాలిలో ఒక్క శాతం కూడా లేని ఆర్గాన్ లాంటి వాయువు ఉంటేనే ఇది నిలకడగా వెలుగుతుంది. కూలేటప్పటి వేడికి నైట్రోజన్, ఆక్సిజన్ రసాయన చర్యల్లో పడి నీటిలో కరిగిపోతాయి, దేనితోనూ కలవని ఆర్గాన్ ఒక్కటే లోపల మిగిలిపోతుందని లోజ బృందం ఊహించింది, ప్రయోగాల్లో అది నిలిచింది. అదే లోజ 2001లో పిస్టల్ రొయ్య దగ్గరికి తిరిగి వెళ్ళి చూస్తే దాని బుడగ కూడా మెరుస్తోంది, కంటికి ఆనదు గానీ లోపల వేడి కనీసం 4,700 డిగ్రీల సెల్సియస్ అని లెక్క తేలింది. సూర్యుడి ఉపరితలం 5,500.

అయితే ఆ వెలుగు సరిగ్గా ఎలా పుడుతోందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. వేడెక్కిన వాయువు, పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన ప్లాస్మాగా మారి వెలుగుతోందని ఎక్కువమంది నమ్ముతారు, నోబెల్ గ్రహీత జూలియన్ ష్వింగర్ అయితే శూన్యంలోని శక్తే వెలుగై వస్తోందన్నాడు, దాన్ని ఇప్పుడు పెద్దగా ఎవరూ ఒప్పుకోరు. 2005లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో నీటికి బదులు సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడి చూస్తే వేడి 15 వేల డిగ్రీల దాకా కనపడింది, లోపల ప్లాస్మా ఉందనడానికి ఆనవాళ్ళూ దొరికాయి. కానీ అది పై పొర వేడే, నడిమధ్యన ఎంత ఉందో ఆ ప్లాస్మా దాటి చూడటం కష్టం. ఇంత వేడి ఉంటే సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలు కలిసిపోయే కేంద్రక సంలీనం కూడా జరుగుతుందేమో అని ఆశపడి 2002లో జరిగిందనే ప్రకటించారు, మిగతా ప్రయోగశాలల్లో మళ్ళీ చేస్తే రాలేదు.

అంత దూరం ఎందుకు, మన వేళ్ళ మెటికల సంగతే తేలలేదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి పడిపోయి బుడగ ఏర్పడటం వల్ల చప్పుడు వస్తుందని 1947లో అన్నారు, కాదు, ఆ బుడగ కూలడం వల్ల అని 1971లో అన్నారు. 2015లో కెనడాలో మెటిక విరుస్తుండగా ఎమ్మారై తీస్తే చప్పుడు తర్వాత కూడా ఖాళీ అలాగే ఉంది కాబట్టి 1947 మాటే నిజమన్నారు. 2018లో ఇద్దరు గణితంతో లెక్క వేసి, బుడగ సగం కూలినా ఆ చప్పుడు వస్తుంది, మిగిలిన సగమే ఎమ్మారైలో కనపడిందని చూపించారు. ఆ ఎమ్మారై తీసింది సెకనుకు మూడు చిత్రాలు, మెటిక చప్పుడు ముగిసేది మిల్లీసెకన్లలో, కాబట్టి కీలు లోపలికి చూడగల ఇంకా వేగమైన కెమెరా వచ్చేదాకా రెండు వాదాలూ బరిలోనే ఉంటాయి.